హార్డ్‌డిస్కు చప్పుళ్లు: ఏది బిగింపు లోపం, ఏది ప్రమాదం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కు చప్పుడు గురించే. చప్పుడు ఎలాంటిదైనా సరే, స్క్రూడ్రైవర్ చేతబట్టకముందే ముఖ్యమైన ఫైళ్లను మరో డిస్కులోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి. కింద పడ్డ డిస్కుకు మాత్రం ఈ మాట వర్తించదు. దాని సంగతి చివరి జవాబులో ఉంది.

ప్రశ్న: మా రైసుమిల్లు ఆఫీసు ల్యాప్‌టాప్‌కు ఈమధ్యనే కొత్త హార్డ్‌డిస్కు వేయించినం. అప్పటినుంచి ఎడమ చెయ్యి ఆనే చోట సన్నగా వణుకుతున్నది, గుంయ్‌మని ఒకటే చప్పుడు. ఇనుప టేబుల్ మీద పెడితే ఇంకా ఎక్కువ. డిస్కు పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: పాడై ఉండకపోవచ్చు. డిస్కు మార్చిన రోజునుంచే మొదలైంది కాబట్టి ముందు బిగింపునే అనుమానించాలి. ఆర్‌పీఎం అంటే నిమిషానికి తిరిగే చుట్లు. 5400 ఆర్‌పీఎం డిస్కులో డేటా ఉండే గుండ్రని పళ్లెం సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది, 7200 ఆర్‌పీఎం డిస్కులో 120. ఎంత శ్రద్ధగా తయారుచేసినా పళ్లెం బరువు వెంట్రుకవాసి ఒక పక్కకు మొగ్గే ఉంటుంది. ఆ అదురు బాడీకి తగలకుండా చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు పక్కల రబ్బరు పట్టీలు ఉంటాయి. డిస్కు మార్చేటప్పుడు ఇవి పాత డిస్కుతోపాటే చెత్తబుట్టలో పడడం చాలా దుకాణాల్లో జరిగేదే.

ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో పైకెత్తి వినండి. చప్పుడు సగానికి తగ్గితే అదురును పెద్దది చేస్తున్నది టేబుల్ రేకు. కింద మందపాటి రబ్బరు మ్యాట్ ముక్క వేస్తే కొంత ఉపశమనం ఉంటుంది. గాలి రంధ్రాలు మూసుకుపోయే తువ్వాల, దిండు మాత్రం వేయొద్దు.

అసలు చప్పుడు డిస్కుదా, ఫ్యానుదా? మిల్లు ఆఫీసులో ఈ ప్రశ్న వేసుకోక తప్పదు, ఎందుకంటే తవుడు దుమ్ము రెక్కలకు పట్టి ఫ్యాను ఒరిగినా ఇదే వణుకు వస్తుంది. డిస్కు తీసేసి ల్యాప్‌టాప్ ఆన్ చేసి బయోస్ తెరలోకి (విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల తెర) వెళ్లండి. ఫ్యాను తిరుగుతుండగా వణుకు లేకపోతే దోషం డిస్కు వైపే ఉంది.

డిస్కు తీసే పద్ధతి ఇది. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ పీకి, బ్యాటరీ తీయండి. బ్యాటరీ లోపల ఉండే మోడల్ అయితే కింది మూత తెరిచిన వెంటనే దాని కనెక్టర్ ఊడదీయండి. తర్వాత పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టండి. ఇప్పుడు డిస్కును పట్టి ఉంచే ఇనుప ఫ్రేమును గమనించండి. సాధారణంగా పక్కల 4 స్క్రూలుంటాయి. రెండే ఉంటే మీ వణుకుకు కారణం దొరికినట్టే. అవి ఎం3 సైజు పొట్టి స్క్రూలు, పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. ఇంట్లో దొరికిన పొడుగు స్క్రూ దూరిస్తే డిస్కు చట్రం దెబ్బతింటుంది. నాలుగింటినీ ముందు వదులుగా ఎక్కించి, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించండి. స్క్రూ కింద రబ్బరు వాషర్ ఉంటే అది నలిగి చదునయ్యేదాకా తిప్పొద్దు, నలిగిన రబ్బరు అదురును ఆపదు.

మందం కూడా చూడాలి. పాత ల్యాప్‌టాప్‌లలో డిస్కు గూడు ఎక్కువగా 9.5 మిల్లీమీటర్లకు చేసినది. కొత్త డిస్కుల్లో చాలావాటి మందం 7 మిల్లీమీటర్లే. ఆ 2.5 మిల్లీమీటర్ల ఖాళీలో డిస్కు ఊగడమే కాదు, కనెక్టర్ కూడా వదులై మధ్యమధ్యలో డిస్కు కనిపించకుండా పోతుంది. ఇందుకోసమే 2.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ స్పేసర్ దొరుకుతుంది. కొన్ని ఎస్‌ఎస్‌డీల (తిరిగే పళ్లెం లేకుండా చిప్పులతో నడిచే డిస్కుల) పెట్టెలోనే దాన్ని ఇస్తారు. అట్టముక్క మడిచి కుక్కితే వేడి బయటికి పోదు. రబ్బరు పట్టీలు పోయి ఉంటే, పాత ల్యాప్‌టాప్‌లు విప్పి అమ్మే దుకాణంలో అదే మోడల్ ఫ్రేము రబ్బరుతో సహా అడగండి. డిస్కు మీద సన్నని రంధ్రం, దాని పక్కన మూయరాదన్న రాత కనిపిస్తాయి. అది గాలి ఒత్తిడి సమం చేసే దారి, దానిమీద టేపు పడకూడదు.

ఇదంతా సరిగ్గా ఉండి కూడా వణుకు పోకపోతే పళ్లెం లేదా బేరింగులోనే తేడా ఉన్నట్టు. బిల్లు, వారంటీ చూసుకుని డిస్కు మార్పించుకోండి. సర్దుకుపోవద్దు. తరుగులు, తూకాల లెక్కలు ఉండే డిస్కు అది.

ప్రశ్న: హాస్టల్‌లో రాత్రి చదువుకుంటుంటే ల్యాప్‌టాప్‌లోంచి కొన్ని సెకన్లకోసారి చిన్నగా 'టిక్' అని వినవస్తున్నది. పని మాత్రం బాగానే చేస్తున్నది. పట్టించుకోవాలా?
– ఒక విద్యార్థిని, జడ్చర్ల

జవాబు: పట్టించుకోవాలి, భయపడొద్దు. కరెంటు ఆదా కోసం డిస్కు తన హెడ్డును (డేటాను చదివే, రాసే భాగం) పళ్లెం మీదినుంచి తప్పించి పక్కనున్న వాలు మీద నిలుపుతుంది, మళ్లీ పని తగలగానే దింపుతుంది. ఆ టిక్కు అదే. చిక్కేమిటంటే ఈ ఎక్కుదిగుళ్లకు హద్దుంది. చాలా ల్యాప్‌టాప్ డిస్కులకు కంపెనీ చెప్పే లెక్క 6 లక్షలు. 10 సెకన్లకోసారి జరిగితే గంటకు 360, రోజుకు 8 గంటల వాడకానికి 2,880. అంటే 7 నెలల్లోనే ఆ హద్దు దాటిపోతుంది.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి సీ1 వరుసలో 'లోడ్ సైకిల్ కౌంట్' చూడండి. అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే 16 అంకెల పద్ధతిలో ఉంటాయి. ఫంక్షన్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లో రా వాల్యూస్‌ను 10 అంకెల పద్ధతికి మార్చితే అర్థమవుతాయి. పది నిమిషాల్లో అంకె ఎంత పెరిగిందో రాసుకోండి. వేగంగా పెరుగుతుంటే అదే మెనూలోని ఏపీఎం (డిస్కు కరెంటు ఆదా) కంట్రోల్‌లో విలువను 254కు పెంచండి. కొన్ని డిస్కులు దీన్ని ఒప్పుకోవు. ఒప్పుకున్నవి కూడా కరెంటు పోయి వస్తే పాత విలువకే పోవచ్చు, కాబట్టి ఆ ప్రోగ్రాంను విండోస్‌తోపాటే మొదలయ్యేలా పెట్టుకోవాలి. ఇకనుంచి హెడ్డు ఎక్కువసేపు పళ్లెం మీదే ఉంటుంది గనుక, బస్సులో ఒళ్లో పెట్టుకుని నడపడం మానేయండి. ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టేముందు షట్‌డౌన్ చేయాలి.

టిక్కు 'టక్ టక్ టక్' అని గట్టిగా, వరుసగా మారి, మౌసు కూడా బిగుసుకుపోతుంటే అది వేరే జబ్బు. 05, సీ5, సీ6 వరుసల్లో సున్నా కాక వేరే అంకె ఉంటే పాడైన సెక్టార్లు (డేటా దాచే చిన్న గళ్లు) ఉన్నట్టే. అప్పుడు విండోస్‌లో డిస్కును తనిఖీ చేసే చెక్‌డిస్క్ నడపొద్దు, గంటలకొద్దీ సాగే ఆ పని డిస్కు చివరి ఊపిరిని తీసేస్తుంది. ముందు నోట్సు, ప్రాజెక్టు, సర్టిఫికెట్లు కాపీ చేయండి. పాటలు, సినిమాలు ఆ తర్వాత.

ప్రశ్న: మా సర్వీసు సెంటర్ ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయింది, నేరుగా కరెంటు మీదే నడుపుతున్నం. కరెంటు పోయినప్పుడల్లా లోపల గట్టిగా 'ఠక్' అంటున్నది.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: అది డిస్కు ప్రాణం కాపాడుకునే చప్పుడు. కరెంటు ఠక్కున తెగితే, ఇంకా తిరుగుతున్న పళ్లెం ఊపునుంచే కాస్త విద్యుత్తు పుట్టించుకుని హెడ్డును బయటికి లాగేస్తుంది. మామూలు పార్కింగ్ కంటే ఇది చాలా మోటు పని, హద్దు కూడా దానికంటే చాలా తక్కువ. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ0 వరుస సాధారణంగా దీని లెక్కే. పైగా ఆ క్షణంలో రాస్తున్న ఫైలు సగంలో ఆగుతుంది. బ్యాటరీ మార్చండి. అప్పటిదాకా చిన్న యూపీఎస్ మీద నడపండి. ఎస్‌ఎస్‌డీ వేస్తే చప్పుడు, వణుకు రెండూ పోతాయి గానీ, సగంలో ఆగిన ఫైలును అది కూడా కాపాడలేదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ మంచం మీదినుంచి పడ్డది. ఆన్ చేస్తే 'కర్ర్' మని గీకినట్టు వస్తున్నది. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే, లేదా డిస్కు విప్పి తుడిస్తే బాగవుతుందని చెప్తున్నరు. పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నయి.
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: వెంటనే ఆఫ్ చేయండి, మళ్లీ ఒక్కసారి కూడా ఆన్ చేయొద్దు. హెడ్డు పళ్లేన్ని గీకుతున్నట్టుంది. తిరిగిన ప్రతి క్షణం ఫొటోలున్న పూత పొడిగా రాలిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కు లోపల నీటిచెమ్మ పడుతుంది. మూత విప్పితే ఇంకా అన్యాయం: హెడ్డు పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తునే తేలుతుంది, కంటికి కనిపించని దుమ్ము రేణువు కూడా దాని ముందు బండరాయే. డిస్కును తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, క్లీన్‌రూమ్ (దుమ్ము చొరబడని గది) ఉన్న డేటా రికవరీ వాళ్లకే ఇవ్వండి. 'ఇంతకుముందు ఎవరైనా విప్పారా' అని వాళ్లు అడిగితే, 'లేదు' అని చెప్పగలగాలి. ముందు పరీక్షించి ఖర్చు చెప్పమనండి, మీరు సరేనన్నాకే పని మొదలుపెట్టమనండి. ఈలోగా వాట్సాప్‌లో బంధువులకు పంపిన ఫొటోలు వాళ్ల ఫోన్లలో ఉన్నాయేమో అడిగి తెప్పించుకోండి.