జైలుకెళ్లొచ్చినవాడే మళ్లీ డిపాజిట్లు వసూలు చేస్తుంటే?

ప్రశ్న: చీటీల పేరుతో మా ఊరిని ముంచి జైలుకెళ్లిన వ్యక్తి బయటికొచ్చి, లక్షకు నెలకు ఐదు వేల వడ్డీ అంటూ మళ్లీ డబ్బు తీసుకుంటున్నాడు. మా అమ్మ 4 లక్షలు ఇచ్చింది. మూడు నెలలుగా పైసా రాలేదు. ప్రోనోటు చూసి పోలీసులు ‘ఇది సివిల్ మేటర్’ అన్నారు. అతని శిక్ష అయిపోయింది కదా, ఇంకేం చేయలేమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: చేయొచ్చమ్మా. ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20(2) అధికరణ చెబుతుంది. కానీ అది పాత కేసుకే. మీ అమ్మగారి దగ్గర 4 లక్షలు తీసుకోవడం కొత్త నేరం.

ముందు ఒకటి తేల్చుకోండి. అతను శిక్ష పడి వచ్చాడా, బెయిల్ మీద వచ్చాడా? ఊళ్లో రెండింటినీ ‘జైలుకెళ్లొచ్చాడు’ అనే అంటారు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో అతని పేరు, కేసు సంవత్సరం కొట్టి చూడండి. బెయిల్ మీద ఉంటే, కొత్త ఫిర్యాదు చూపించి ఆ బెయిల్ రద్దు చేయమని సెషన్స్ కోర్టును అడగొచ్చు. శిక్ష పడి ఉంటే తీర్పు నకలు తీసి ఫిర్యాదుకు జతచేయండి. ఒకసారి శిక్ష పడ్డాక మళ్లీ అలాంటి నేరమే చేసినవాళ్లకు భారతీయ న్యాయ సంహిత 13వ సెక్షన్ పదేళ్ల వరకు జైలు, లేదా యావజ్జీవం అంటుంది. పాత శిక్ష ఈ సంహిత కింద కాదు, దీనికి ముందున్న ఐపీసీ కింద పడింది కదా అని అవతలి లాయరు వాదిస్తాడు, అందుకు సిద్ధంగా ఉండండి.

పాత కేసు రాజీ అయి ఉంటే మాత్రం చిక్కే. సగం డబ్బు చేతిలో పడగానే జనం సంతకాలు పెట్టేస్తారు. పిల్ల పెళ్లి పెట్టుకున్నవాళ్లను నేను తప్పుపట్టలేను. కానీ కోర్టులో రాజీ కుదిరితే చట్టం దృష్టిలో అతను నిర్దోషి. ఇలాంటివాళ్లు ధైర్యంగా మళ్లీ దుకాణం తెరిచేది అందుకే. ఈసారి మీరు ఆ సంతకం పెట్టొద్దు.

ఇక ప్రోనోటు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, పైన ‘నా కుటుంబ ఖర్చుల నిమిత్తం చేబదులుగా తీసుకున్నాను’ అని ఉంటుంది, చూడండి. రేపు ఇది అప్పే, మోసం కాదు అనడానికే ఆ మాట. అందుకే ఒక్కరే వెళ్లకండి. ఇచ్చినవాళ్లంతా కలిసి వెళ్లండి. పదిమందికీ ఒకే వడ్డీ, ఒకే రకం నోటు అయితే అది డిపాజిట్ల వ్యాపారమని చూపించొచ్చు. 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం ప్రకారం అనుమతి లేకుండా తీసుకోవడమే నేరం, రెండు నుంచి ఏడేళ్ల జైలు. డిపాజిటర్ల రక్షణకు 1999లో వచ్చిన రాష్ట్ర చట్టం కింద అతని ఆస్తుల జప్తు కూడా కోరండి.

స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, ఆపై మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లండి. ప్రోనోటు మీద సివిల్ దావాకు మూడేళ్లే గడువు. ‘కొత్తది రాసిస్తా, పాతది ఇవ్వండి’ అని అతను అడిగినా అసలు కాగితం ఇవ్వకండి.