ఎదుటి పక్షం అడిగిన ప్రశ్న

చిరంజీవికి ఆశీస్సులు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ సభలో చదవడానికి నువ్వు రాసుకున్న ప్రసంగం అందింది. గిడుగు రామమూర్తి పంతులు గారి మీద నీకున్న భక్తి చూసి సంతోషించాను. అయితే రాతకు పాత గ్రాంథిక భాషే ఉండాలన్న గ్రాంథికవాదులను నాలుగు చోట్ల ఛాందసులనీ, రెండు చోట్ల మూర్ఖులనీ అన్నావు గాని, వారి వాదమేమిటో ఒక్క చోట కూడా చెప్పలేదు. ఆ లోటు గురించే ఈ ఉత్తరం.

మన శాస్త్రాలలో సిద్ధాంతానికి ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదం, చెప్పడం ఆచారం. స్థూణానిఖనన న్యాయమని కూడా ఒకటుంది: పాతిన గుంజను అటూ ఇటూ ఊపి చూసి, కదిలితే మరింత లోతుగా దిగగొట్టడం. మన వాదాన్ని అలా ఊపి చూడడం మనవల్ల అయ్యే పని కాదు, ఎదుటి పక్షమే చేయాలి.

కనుక ముందుగా గ్రాంథికవాదులలో ముఖ్యులైన జయంతి రామయ్య పంతులు గారి వాదాన్ని, ఆయనే వింటే ‘అవును, నేనన్నది ఇదే’ అని ఒప్పుకునేటట్టు, ఒక పేజీ రాయి. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వైపు నిలిచి ఆయన లేవనెత్తిన ప్రశ్న చిన్నది కాదు. మాట్లాడే భాష జిల్లాకొక తీరుగా ఉన్నప్పుడు, అందరికీ ఉమ్మడిగా ఉన్న రాతభాషను వదులుకుంటే ఏ జిల్లా మాటను పుస్తకాలలోకి ఎక్కిస్తాము, ప్రాచీన కావ్యాలతో రేపటి పిల్లలకు సంబంధం ఎలా నిలుస్తుంది అన్నది ఆయన ఆందోళన. శిష్టుల, అంటే చదువుకున్నవారి, వాడుకను ప్రమాణంగా తీసుకుంటే సరిపోతుందని వాడుక భాషే రాయాలన్న గిడుగువారి పక్షం, అంటే వ్యావహారికవాదులు, సమాధానం చెప్పారు. నేనూ ఆ పక్షం వాణ్ణే. అయినా ప్రశ్న అక్కడితో తీరలేదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కాలేజీ రోజుల్లో ఒక సభలో ఒక వృద్ధ పండితుడు సరిగ్గా ఈ ప్రశ్నే అడిగారు. నేను లేచి, ‘మీ పాండిత్యానికి చెదలు పట్టింది’ అన్నాను. హాలంతా చప్పట్లు. ఆయన భుజం మీది కండువా తీసి, నెమ్మదిగా మడిచి ఒడిలో పెట్టుకుని, మరి మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదన్న సంగతి ఆ చప్పట్లలో ఎవరికీ పట్టలేదు, నాకు కూడా.

తర్వాత ఉపాధ్యాయుణ్ణయ్యాక, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి వ్యాసంలో ‘వచ్చిన్రు’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి ‘వచ్చారు’ అని దిద్దాను. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, ‘మా ఇంట్ల అందరం అట్లనే అంటం సార్, అది తప్పెట్లయితది?’ అని అడిగింది. వాడుక భాషే రాయాలని వాదించిన నేనే ఒక బిడ్డ ఇంటి వాడుకను కొట్టేశాను. నేను నవ్వులపాలు చేసిన ప్రశ్నే మళ్లీ నా ముందుకు వచ్చి నిలబడింది. రామయ్య పంతులు గారి సమాధానం తప్పని ఇప్పటికీ నమ్ముతాను. కాని ప్రశ్న నిజమైనది. మనిషిని తిట్టి పంపిస్తే అతను తెచ్చిన ప్రశ్న కూడా అతనితోపాటే వెళ్లిపోతుంది.

ఎదుటివారి అంతరంగాన్ని నువ్వు ఊహించి రాయకు. పెత్తనం పోతుందన్న భయంతోనే వారు అలా అన్నారని రాశావు. ఆ సంగతి నీకెలా తెలుసు? రామయ్య పంతులు గారు తెలుగు శాసనాలను సేకరించి పరిష్కరించారు. పిఠాపురం సంస్థానం అండతో వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనుక ఆయన శ్రమ ఉంది. నువ్వూ నేనూ మాటకు అర్థం వెతకడానికి తెరిచే పుస్తకం అది.

ఆ వివాదంలో రెండు పక్షాలవారూ పరుషంగా రాసుకున్న మాట నిజమే. దానిని ఒరవడిగా పెట్టుకోవద్దు. గిడుగువారి అసలు బలం, పూర్వ పండితుల వ్యాఖ్యానాలలోంచే వాడుక రూపాలను ఏరి చూపడంలో ఉంది. అలా చూపాలంటే ఆ గ్రంథాలను వాటి పక్షపాతులకంటే శ్రద్ధగా చదివి ఉండాలి కదా!

ఒప్పుకోమని నేను అనడం లేదు. ఖండించవలసినచోట గట్టిగానే ఖండించు, కాని ‘ఆయన’ అన్న మాట తీసి ‘ఈ వాదం’ అని పెట్టి చూసుకో. అప్పుడు నిలవని వాక్యాలను కొట్టేయి.

పూర్వపక్షం రాసిన పేజీ ముందు నాకు పంపు. మిగతా ప్రసంగం దాని తర్వాత చూద్దాం.

ఇట్లు,
నీ మాస్టారు