గుట్టను కొండగా దిద్దాలా?

సందేహం: మాది కరీంనగర్ జిల్లాలో గుట్ట కింది పల్లె. మా అబ్బాయి వ్యాసంలో ‘మా ఊరి గుట్ట’ అని రాస్తే బడిలో ‘కొండ’ అని దిద్దారు. గుట్ట అంటే కుప్ప అట. ‘యాదగిరిగుట్ట’లో గిరి ఉండగా మళ్ళీ గుట్ట ఎందుకన్నారట. ఏది సరి?

సమాధానం: మీవాడు రాసిందే సరి. గుట్టకు కుప్ప అనే అర్థమూ ఉంది. కోస్తా వాళ్ళకు ముందు తట్టేది అదే: చెత్త గుట్టలు, గుట్టలుగా పడున్న ఫైళ్ళు. తెలంగాణ పల్లెల్లో మాత్రం ఊరి పక్క చిన్న కొండను గుట్ట అనే అంటారు. నిఘంటువులు రెండర్థాలూ ఇచ్చాయి. గుట్టకీ కొండకీ ఎత్తు కొలిచి ఎవరూ గీత గియ్యలేదు. అనకాపల్లి దగ్గర శంకరంలో బౌద్ధారామాలున్న బొజ్జన్నకొండ ఏమంత ఎత్తుండదు. అయినా అది కొండే.

మీ జిల్లాలోనే, గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో అక్కడి బండ మీద జైన శిల్పాలు చెక్కించి, కింద సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. తెలుగు భాగంలో ఉన్నవి కంద పద్యాలు, అవీ నన్నయకు ముందువి! ఆ గుట్టకు వృషభాద్రి అనే సంస్కృత నామమూ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ బొమ్మల్ని చూసి బొమ్మలమ్మ అన్నారు, గుట్ట అన్నారు. నిలిచింది వాళ్ళ మాటే. దాన్ని ‘బొమ్మలమ్మ కొండ’గా దిద్దితే అక్కడివాళ్ళే గుర్తుపట్టరు.

ఇక యాదగిరిగుట్ట. ‘యాదగిరి’ ఎప్పుడో విడదీయరాని పేరైపోయింది, మనుషులకూ పెట్టుకుంటున్నాం. అందులో గిరి విడిగా వినపడదు కాబట్టి జనం గుట్ట చేర్చుకున్నారు. పునరుక్తి అనుకుంటే శేషాచలం కొండలనూ దిద్దాలి, అచలమన్నా కొండే కదా. నల్లమల కొండల్లో ‘మల’ కూడా అంతే. వాటి జోలికి ఎవరూ పోరు, గుట్ట దగ్గరే ఎందుకో ఎర్ర సిరా బయటికొస్తుంది.

గుట్ట చెల్లని చోటు జాతీయం. దీపం కొండెక్కుతుంది, ధరలు కొండెక్కుతాయి. మీవాడు ‘ధరలు గుట్టెక్కాయి’ అని రాస్తే అప్పుడు దిద్దమనండి.