సమాధానం: సోరియాసిస్‌కి లైట్ ట్రీట్‌మెంట్ ఇంట్లోనా, క్లినిక్‌లోనా?

వారానికి మూడుసార్లు క్లినిక్‌కి వెళ్లడం కుదరట్లేదు, మెషిన్ కొనేయమంటారా అని అడిగారు కదా. కొనొచ్చండి, కానీ ముందు కొన్నాళ్లు క్లినిక్‌లోనే తీసుకుని, మీ చర్మం ఎంత డోసుకు ఎర్రబడుతోందో డాక్టర్‌తో తేల్చుకోండి, ఎందుకంటే ఇంట్లో తేడా కొట్టేది ఎక్కువగా లైట్ కింద ఎంతసేపు ఉండాలన్న దగ్గరే. కావాల్సింది 311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీ (సన్నటి పరిధిలో మాత్రమే వచ్చే ఒక రకం అతినీలలోహిత కాంతి) ఇచ్చే మెషిన్. టానింగ్ బెడ్ల జోలికి పోకండి, అవిచ్చేది చాలావరకు యూవీఏ అనే వేరే రకం అతినీలలోహిత కాంతి. మచ్చలు మోచేతుల మీదో, తలలోనో మాత్రమే ఉంటే చేత్తో పట్టుకునే చిన్నది చాలు. 2024లో వచ్చిన అమెరికా అధ్యయనంలో ఇంటి ట్రీట్‌మెంట్ క్లినిక్‌కి ఏమీ తీసిపోలేదు. యూవీ గాగుల్స్ తప్పనిసరి, మగవాళ్లు జననాంగాలు కప్పుకోవాలి. మర్నాటికీ ఎరుపు, మంట తగ్గకపోతే తర్వాతి సిట్టింగ్ ఆపి డాక్టర్‌ని అడగండి. డాక్సీసైక్లిన్ (ఒక యాంటీబయోటిక్) లాంటి మందులు వాడుతుంటే మొదలుపెట్టకముందే చెప్పాలి, అవి వాడితే లైట్‌కి చర్మం తొందరగా కాలుతుంది.