అపర్ణ అంటే ‘ఆకులు లేనిది’ అట, పాపకి పెట్టొచ్చా?

పాపకి అపర్ణ అని పెడదామనుకుంటే, ‘ఆకులు లేనిది’ అన్న అర్థం చూసి ఇంట్లో పెద్దవాళ్లు అశుభం అంటున్నారని అడిగారు కదా. నా పేరు అదే. ‘ఎండిపోయిన చెట్టా?’ అని క్లాసులో ఏడిపించిన వాళ్లున్నారు, పెళ్లప్పుడు అత్తవారి వైపు ఒక పెద్దావిడ పేరు మార్చుకోమని సలహా కూడా ఇచ్చారు.

పర్ణం అంటే ఆకు, ముందున్న ‘అ’ లేదని చెబుతుంది, అంతవరకూ నిజమే. కానీ ఆకులు లేనిది చెట్టుకి కాదండీ, తిండిలో. శివుడి కోసం తపస్సు చేస్తూ పార్వతి చివరికి ఆకులు తినడం కూడా మానేసింది కాబట్టి అపర్ణ. కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో ఇదే చెబుతాడు, దానంతటదే రాలిన ఆకు తిని బతకడమే తపస్సుకి పరాకాష్ఠ అయితే ఈవిడ అదీ వదిలేసింది అని. హరివంశంలో కథ కొంచెం వేరు: హిమవంతుడికి ముగ్గురు కూతుళ్లు, ఏకపర్ణ ఒక్క ఆకుతో, ఏకపాటల ఒక్క పాటల పువ్వుతో సరిపెట్టుకుంటే అపర్ణ ఏమీ తినలేదు, తల్లి చూడలేక ‘ఉ, మా’ అంటే వద్దమ్మా అనడంతో ఆమెకే ఉమ అనే పేరు కూడా వచ్చింది.

నాకు బాగా నచ్చేది మాత్రం శంకరాచార్యుల పేరున ఉన్న ఆనందలహరిలో శ్లోకం. అందులో వచ్చే స్థాణువు అనే మాటకి మోడు అని అర్థం, అది శివుడి పేరు కూడా. అందరూ ఆకులున్న తీగని ఆశ్రయిస్తారు, నేనైతే ఆకుల్లేని ఈ తీగనే కొలవాలంటాను, ఇది అల్లుకుంటే ముసలి మోడు కూడా మోక్షమనే ఫలం ఇస్తుంది అంటాడు కవి. ఎండిపోయిన చెట్టు అన్నవాళ్లకి ఇంతకన్నా జవాబేం కావాలి!

మీ పెద్దవాళ్లకి ఇంత చెప్పక్కర్లేదు. లలితా సహస్రనామంలో ‘అపర్ణా చండికా’ అన్న చోటు చూపించండి. మా నాన్న అదే చేస్తే ఆ పెద్దావిడ మళ్లీ ఆ మాటెత్తలేదు. అప + ఋణ అని విడదీసి ‘అప్పు లేనిది’ అని చెప్పేవాళ్లూ ఉన్నారు, వ్యాకరణం ప్రకారం అదీ కుదురుతుంది.

ఇబ్బందల్లా ముద్దుపేరుతోనే, ఏం చేసినా చివరికి అందరూ ‘అప్పూ’ అనే పిలుస్తారు. అది వద్దనుకుంటే ఇప్పుడే ‘అపూ’ అనో ‘పర్ణా’ అనో అలవాటు చేసేయండి.