టెక్ సందేహాలు: కల్యాణం పెడితే దీపాలంకరణ రికార్డవుతోంది

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌కి యూఎస్‌బీ డిష్ ట్యూనర్ తగిలించి, టీవీ రికార్డ్ చేసే టీవీహెడ్‌ఎండ్ సాఫ్ట్‌వేర్ వేసి ఇంట్లోనే రికార్డర్ చేసుకున్నాను. ఎస్వీబీసీలో మధ్యాహ్నం 12 గంటలకి వచ్చే శ్రీవారి కల్యాణోత్సవం మా అవ్వకి రాత్రిపూట చూపించాలని రోజూ టైమర్ పెట్టాను. ఫైల్ తెరిస్తే సాయంత్రం ఐదున్నరకి వచ్చే సహస్ర దీపాలంకరణ సేవ ఉంటోంది. సెప్టెంబర్‌లో అయితే అదీ కాదు, సాయంత్రం నాలుగున్నరకి ఏది వస్తే అది రికార్డయ్యేది. ప్రోగ్రాం గైడ్‌లో నొక్కి పెట్టినవి మాత్రం సరిగ్గానే వస్తున్నాయి. టీవీహెడ్‌ఎండ్ రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను, లాభం లేదు. (కొర్లగుంట, తిరుపతి)

జవాబు: టీవీహెడ్‌ఎండ్‌ని ఇంక కదిలించకండి, దాని తప్పేమీ లేదు. సెప్టెంబర్‌లో నాలుగున్నర, ఇప్పుడు ఐదున్నర అని మీరు గమనించి రాశారు చూడండి, అసలు ఆచూకీ అక్కడే దొరికింది. మన టైమ్‌కీ అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీకీ తేడా 5 గంటల 30 నిమిషాలు. ఆ తేడా ఏడాది పొడుగునా మారదు. మీ దగ్గర అది మధ్యలో ఒక గంట మారిందంటే, మీ రాస్ప్‌బెర్రీ పై, గడియారాన్ని వేసవిలో ముందుకీ చలికాలంలో వెనక్కీ జరుపుకొనే ఊరి లెక్కలో ఉందన్నమాట. ఆ ఊరు లండన్. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో మనం మార్చకపోతే టైమ్‌జోన్ లండన్‌దే ఉంటుంది. అక్కడ అక్టోబర్ చివరి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచే మీ అవ్వకి దీపాలంకరణ మొదలైంది.

గైడ్‌లోంచి పెట్టినవి ఎందుకు తప్పట్లేదంటారా? డిజిటల్ టీవీ ప్రసారాలు పాటించే డీవీబీ ప్రమాణం ప్రకారం ఛానల్ పంపే గైడ్‌లో సమయాలన్నీ యూటీసీలో ఉంటాయి. పై ఏ ఊరి లెక్కలో ఉన్నా ఆ క్షణం మారదు. టైమర్‌లో మీరు చేత్తో కొట్టిన 12 మాత్రం పై నమ్ముకున్న ఊళ్లో 12. లండన్‌లో మధ్యాహ్నం 12 అయ్యేసరికి తిరుపతిలో సాయంత్రం దీపాలు వెలిగించే వేళ. ఇంకో తికమక ఉంది. టీవీహెడ్‌ఎండ్ పేజీని ఫోన్‌లో తెరిస్తే సమయాలు ఫోన్ లెక్కలో కనిపిస్తాయి కాబట్టి రాస్ప్‌బెర్రీ పైలో గడియారం తప్పని అనుమానమే రాదు. ఒకసారి ‘అప్‌కమింగ్’ పట్టిక తెరవండి. మీరు 12కి పెట్టిన టైమర్ అక్కడ 17:30 అని ఉంటుంది.

పైలో సెట్టింగులు మార్చే రాస్పి కాన్ఫిగ్ తెరిచి లోకలైజేషన్ ఆప్షన్స్, అందులో టైమ్‌జోన్, ఏషియా, కోల్‌కతా ఎంచుకోండి. తర్వాత పైని ఒకసారి రీస్టార్ట్ చేయండి. మీరు ఇన్నిసార్లు తీసి వేసినా పోకపోవడానికి కారణం ఇదే, టైమ్‌జోన్ ఓఎస్‌ది. టీవీహెడ్‌ఎండ్‌ని డాకర్‌లో, అంటే కంటైనర్ అనే విడి పెట్టెలాంటి దాంట్లో నడుపుతున్నవాళ్లు ఆ కంటైనర్‌కి టైమ్‌జోన్ విడిగా చెప్పాలి, లేకపోతే అది యూటీసీలోనే ఉండిపోతుంది.

పనిలో పనిగా, రికార్డింగ్‌కి ముందు 5 నిమిషాలు, తర్వాత 15 నిమిషాలు అదనంగా ఇవ్వండి. లైవ్ కార్యక్రమం గడియారం చూసుకుని ముగియదు. అవ్వ అంతసేపు కూర్చుని, సరిగ్గా మాంగల్యధారణ దగ్గర బొమ్మ ఆగిపోతే ఆమె మనసు ఎంత కష్టపడుతుందో ఆలోచించండి. అయితే ట్యూనర్ ఒక్కటే ఉంటే ఈ అదనపు నిమిషాలు పక్క రికార్డింగ్‌తో గుద్దుకోవచ్చు. రెండు ఛానళ్లూ ఉపగ్రహంలో ఒకే ట్రాన్స్‌పాండర్ (కొన్ని ఛానళ్లని కలిపి పంపే పరికరం) మీద ఉంటే ఒక్క ట్యూనరే రెండింటినీ లాగుతుంది, వేర్వేరైతే లాగలేదు.

ప్రశ్న: తెల్లవారుజామున 3 గంటలకి పెట్టిన రికార్డింగ్ కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు సగమే ఉంటుంది. ఒక్కోసారి అసలుండదు, ‘టైమ్ మిస్‌డ్’ అని కనిపిస్తుంది. నాదీ పై 4, టీవీహెడ్‌ఎండే. టైమ్‌జోన్ సరిగ్గానే ఉంది. (మిట్టూరు, చిత్తూరు)

జవాబు: రికార్డింగ్ పోయిన రోజుల్ని, ఆ రాత్రి కరెంటు పోయిందా లేదా అన్నదాన్ని పక్కపక్కన రాసి చూడండి. మామిడికాయల కాలంలో గాలివాన వస్తే మన జిల్లాలో రాత్రి కరెంటు ఎలా ఆడుతుందో మీకు చెప్పక్కర్లేదు. పై 4లో బ్యాటరీ మీద నడిచే గడియారం లేదు. కరెంటు వచ్చాక అది చివరిసారి దాచుకున్న టైమ్‌తో లేచి, అసలు టైమ్‌ని ఇంటర్నెట్‌లో అడుగుతుంది. పై అర నిమిషంలో లేస్తుంది, ఫైబర్ లైన్ అంత తొందరగా రాదు. ఒకటిన్నరకి పోయిన కరెంటు 2:50కి వచ్చిందనుకోండి. నెట్ 3:20 దాకా రాకపోతే అప్పటివరకూ పై ఇంకా రెండు కూడా కాలేదనే అనుకుంటుంది. నెట్ రాగానే గడియారం ఒక్క గెంతు గెంతుతుంది. ప్రోగ్రాం నడుస్తుంటే సగం దొరుకుతుంది, అయిపోయి ఉంటే ‘టైమ్ మిస్‌డ్’.

డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ కొని పై పిన్నులకి తగిలించండి. అందులో నాణెం బ్యాటరీ వేస్తే కరెంటు లేకున్నా టైమ్ నడుస్తూనే ఉంటుంది. ఖర్చు పెద్దగా ఉండదు. పై 5లో గడియారం ఉంది గానీ దాని బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. గడియారం సరిగ్గా ఉన్నా 3 గంటలకి కరెంటే లేకపోతే రికార్డింగ్ రాదు కదా, అందుకే పైకీ డిష్ ట్యూనర్‌కీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టమని నా సలహా. ఇంకో మాట: పేరుని బట్టి ఆటోమేటిక్‌గా రికార్డయ్యేలా ‘సుప్రభాతం’ అని పెట్టి ఉంటే, ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై పాడతారు. గైడ్‌లో పేరు మారితే ఆ నెలంతా మీ రూల్‌కి ఏదీ తగలదు. ఆ నెలకి ఇంకో రూల్ జోడించండి.

ప్రశ్న: గరుడసేవ రికార్డింగ్ ఎప్పుడు పెట్టినా రెండు గంటల ఇరవై నిమిషాల దగ్గర ఆగిపోతోంది. హార్డ్ డిస్క్‌లో బోలెడు ఖాళీ ఉంది. (తిరుపతి)

జవాబు: నిమిషాలు కాదు, ఫైల్ సైజు చూడండి. ప్రతిదీ 4 జీబీ దగ్గరే ఆగి ఉంటుంది. మీ డిస్క్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది, అందులో ఏ ఒక్క ఫైలూ 4 జీబీ దాటలేదు. సెకనుకి 4 మెగాబిట్ల ఛానల్ అయితే అది సుమారు 2 గంటల 23 నిమిషాలు. ఉన్నవన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేయండి. డిస్క్ ఊడదీసి టీవీకి కూడా పెట్టుకునే అలవాటుంటే ఎక్స్‌ఫ్యాట్ నయం, కానీ మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో ముందు ఒక పెన్‌డ్రైవ్‌తో పరీక్షించుకోండి.