ప్రాసెసర్ల ధర, సరఫరా ముందుగా పసిగట్టగలమా?

కడపలో కంప్యూటర్ల దుకాణం పెడుతున్నానని, ప్రాసెసర్ల ధర ఎప్పుడు పెరుగుతుందో ముందే ఎలా తెలుసుకోవాలని అడిగారు. నేను కర్నూలులో 14 ఏళ్లుగా కంప్యూటర్లు బిగించి అమ్ముతున్నాను. ధర ఎంతకు చేరుతుందో చెప్పడం నా వల్ల కాలేదు. ఏ రకం సరుకు ముందు కరవవుతుందో మాత్రం చాలాసార్లు తెలుస్తుంది. అది నేర్చుకోవడానికి నేను చాలా నష్టపోయాను.

2018లో ఒక డిగ్రీ కళాశాలకు 20 కంప్యూటర్లు ఇస్తానని ధర రాసిచ్చాను. ఇంటెల్ వారి చవక ప్రాసెసర్ పెంటియం జి5400 పెట్టాలని లెక్క. ప్రాసెసర్‌ను బిగించే మదర్‌బోర్డులు ముందే తెప్పించి, ప్రాసెసర్లు ఎప్పుడైనా దొరుకుతాయిలే అని ఊరుకున్నాను. సెప్టెంబరులో హైదరాబాద్ టోకు వ్యాపారికి ఫోను చేస్తే నాలుగే ఉన్నాయన్నాడు, అవి కూడా పాత ధరకు రావన్నాడు. ఇంటెల్ ప్రకటించిన ధర మాత్రం 64 డాలర్లే. కాబట్టి కంపెనీ ధరల పట్టికను చూసి అంచనాలు వేయకండి.

ఆ నెలలోనే ఇంటెల్ తాత్కాలిక సీఈఓ బాబ్ స్వాన్ బహిరంగ లేఖ రాశారు. సర్వర్లలో, అంటే పెద్ద సంస్థల డేటాను నడిపే కంప్యూటర్లలో వాడే జియాన్‌కు, పెంటియం కన్నా ఖరీదైన కోర్ ప్రాసెసర్లకే ప్రాధాన్యం ఇస్తున్నామని, చవక కంప్యూటర్లకు సరఫరా బిగుసుకుందని అందులో ఉంది. చిప్పులోని భాగాలను ఇంకా చిన్నవిగా చేసే కొత్త పద్ధతి, 10 నానోమీటర్ల తయారీ, ఏళ్ల తరబడి వాయిదా పడడంతో భారమంతా పాత 14 నానోమీటర్ల ఫ్యాక్టరీల మీద పడింది. మరోవైపు సర్వర్లకు గిరాకీ పెరిగింది. ఉన్న ఫ్యాక్టరీలు అవే అయినప్పుడు, వేల డాలర్లు పలికే జియాన్‌ను పక్కన పెట్టి పెంటియం ఎవరు చేస్తారు? ఆ వాయిదాల వార్తలు నేను చదివాను కూడా. నా 20 కంప్యూటర్లకు వాటితో సంబంధం ఉందని తోచలేదు.

కొరత మొదలైతే త్వరగా తీరదు. మా కర్నూలు యార్డులో ఉల్లి ధర చూసి నారు పోసిన రైతుకు పంట చేతికొచ్చేసరికి నెలలు గడుస్తాయి. చిప్పుకూ అంతే, దాన్ని తయారుచేసే సిలికాన్ పలక ఫ్యాక్టరీలో వందల దశలు దాటడానికే సుమారు మూడు నెలలు పడుతుంది. కొత్త యంత్రాలు కావాలంటే ఇంకా ఆలస్యం. ఇంటెల్ అదనంగా 100 కోట్ల డాలర్లు పెట్టినా, 2019 నవంబరులో సరఫరా జాప్యానికి వినియోగదారులకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

మిగిలిన 16 కంప్యూటర్లకు ఇంటెల్ పోటీదారు ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 3 2200జి పెట్టాను. అది గ్లోబల్‌ఫౌండ్రీస్ అనే వేరే కంపెనీ ఫ్యాక్టరీలో తయారయ్యేది, ఇంటెల్ ఇబ్బంది దానికి అంటలేదు. ఇంటెల్ బోర్డుల్లో అది పట్టదు కాబట్టి బోర్డులు వేరేవి కొనాల్సి వచ్చింది, లాభమంతా అక్కడే పోయింది. అప్పటి నుంచి ఏ చిప్పు ఏ ఫ్యాక్టరీలో తయారవుతుందో, అక్కడ ఇంకెవరు వరుసలో ఉన్నారో తప్పక చూస్తాను. ఇప్పుడు ఏఎండీ ప్రాసెసర్లు, ఎన్‌విడియా కృత్రిమ మేధ చిప్పులు రెండూ ఇతర కంపెనీలకు చిప్పులు చేసిపెట్టే తైవాన్ సంస్థ టీఎస్‌ఎంసీ మీదే ఆధారపడ్డాయి. అక్కడి వార్తలు వదలకండి.

మీరు రాసిచ్చే ధరకు వారం రోజుల గడువు పెట్టండి. బోర్డు, ప్రాసెసర్ ఒకే రోజు కొనండి.